సొన మచ్చలు

మనుషుల బొమ్మలు గీసేవాళ్ళకి ప్రేరణ ఎక్కడో కొండల్లోనో, వానల్లోనో దొరుకుతుందని అనుకుంటాం. తోట వైకుంఠం గారికి మాత్రం ఇంట్లోనే దొరికింది. వాళ్ళమ్మ.

ఆయన 1942లో కరీంనగర్ జిల్లా బూరుగుపల్లిలో పుట్టారు. ఊళ్ళోకి నాటకాలవాళ్ళు వస్తే, ఆడవేషం కట్టే మగవాళ్ళ ముఖాల మీద రంగులు చూస్తూ పెరిగారు. తర్వాత హైదరాబాద్‌లో, ఆపైన బరోడాలో కె.జి. సుబ్రమణ్యన్ దగ్గర చదువుకున్నారు. అంత దూరం వెళ్ళినా ఆయన కుంచె మళ్ళీ సొంత ఊరి మనుషుల దగ్గరికే వచ్చింది. నల్లటి నిండైన మనిషి, రూపాయి బిళ్ళంత బొట్టు, కొప్పులో పూలు, ఎర్రచీర. ఒక్కసారి చూస్తే ఇంకెక్కడ కనిపించినా గుర్తుపట్టేస్తారు.

"అన్నీ ఒకేలా ఉన్నాయి కదే! ఏఐకి చెప్తే పది సెకన్లలో ఇస్తుంది. నువ్వెందుకు గంటలు గంటలు కూర్చుంటావ్?" అంది మా రూమ్మేట్. ఇద్దరం సీఎస్ఈ. ఆ ప్రశ్నని తేలిగ్గా తీసెయ్యలేం. అందుకే 'మామిడి తోటలో తెలుగు స్త్రీ' అని ప్రాంప్ట్ ఇచ్చి చూశా. అందంగానే వచ్చింది. పండు మెరుస్తోంది. చేతులు ఇంకా మెరుస్తున్నాయి.

ఆ చేతులే నాకు నచ్చలేదు.

మాది నూజివీడు దగ్గర పల్లె. ఏప్రిల్, మే వస్తే మా వైపు అందరికీ మామిడి పనే. చిక్కంతో కోసిన కాయకి తొడిమ ఊడితే సొన చిమ్ముతుంది. కాయ మీద పడితే నల్ల మచ్చ, రేటు పడిపోతుంది. ఒంటి మీద పడితే మంట, ఆ తర్వాత పొక్కు. రసాలు, బంగినపల్లి వేరుచేసి ట్రేల్లో సర్దే మా పిన్ని చేతుల మీద సీజనంతా ఆ మచ్చలే. మచ్చ పడిన కాయని ఏరి పక్కన పెట్టేదీ ఆ చేతులే.

మొన్న వేసవిలో పిన్ని బొమ్మ గీశా. చూసి, "ముఖం బానే ఉంది గానీ ఆ మచ్చలెందుకే? తీసెయ్. బొట్టు కొంచెం పెద్దది పెట్టు" అంది.

అప్పుడు వైకుంఠం గారి బొమ్మలు నాకు ఇంకోలా అర్థమయ్యాయి. రోజూ కష్టం చేసే ఆడవాళ్ళని ఆయన పండగ ముస్తాబులో, మహారాణుల్లా నిలబెట్టారు. తనకి తెలిసిన మనుషులు కాబట్టి వాళ్ళకి ఏది నప్పుతుందో తెలుసు. ఏఐ నెట్‌లో ఉన్న ఫోటోల పోలికలు నేర్చుకుంటుంది. పిన్ని చేతుల్ని దగ్గరగా ఫోటో తీసి నెట్‌లో పెట్టినవాళ్ళు ఎవరున్నారు?

బొట్టు పెద్దది చేశాను. మచ్చల సంగతి మాత్రం మా ఇద్దరి మధ్య ఇంకా తేలలేదు. వచ్చే సీజన్‌లో మళ్ళీ కూర్చోమంటే, "కూలి ఎంతిస్తావ్?" అంటోంది.