వాట్ బో పేటలో మా బస

పసుపు తవ్వకాలు మొదలుకాకముందే, డిసెంబరులో, బాపును తీసుకొని కమ్మర్‌పల్లి నుంచి కాంబోడియా బయల్దేరాను. ఊళ్లో అందరూ విమానం టికెట్ ఎంతని అడిగారు. నా రంధి మాత్రం గది గురించే. డెబ్బై దాటిన మనిషి, మోకాళ్ల నొప్పులు, కోడి కూయకముందే లేచే అలవాటు, మధ్యాహ్నం కునుకు పడకపోతే సాయంత్రం అడుగు పడదు.

అంగ్‌కోర్ గుళ్ల పక్కనే దిగొచ్చని చాలామంది అనుకుంటారు. సుమారు 400 చదరపు కిలోమీటర్ల ఆ క్షేత్రం 1992 నుంచి యునెస్కో వారసత్వ స్థలం. యాత్రికుల హోటళ్లన్నీ దానికి దక్షిణాన ఉన్న సియెం రీప్ పట్నంలోనే. అంగ్‌కోర్ వాట్ అక్కడికి ఆరేడు కిలోమీటర్లు. ఏ పేటలో దిగినా టుక్‌టుక్ ఎక్కాల్సిందే. అందుకే దూరం సంగతి వదిలేసి, ఎండపూట వచ్చి నడుం వాల్చడానికి ఏ పేట నయమో చూశాను.

పట్నం నడుమ నుంచి నది పారుతుంది. పడమటి ఒడ్డున ప్సార్ చాస్ అనే పాత మార్కెట్, దగ్గరే పబ్ స్ట్రీట్. మొదటి సాయంత్రం అటు నడిచాం. మైకుల మోతకు బాపు చెవులు మూసుకున్నాడు. "గీ లొల్లిల నిద్రెట్ల పడ్తదిరా?" అన్నాడు. కుర్రకారుకు ఆ పేట బాగుంటుంది. ఉత్తరాన గుళ్ల దారిలో పెద్ద హోటళ్లున్నాయి, తోటలూ ఈతకొలనులూ ఉన్నాయి. వాటి ధరలు మాకు అందేవి కావు.

మేము తీసుకున్న గది తూర్పు ఒడ్డున, వాట్ బో పేటలో. పేటకు ఆ పేరు ఇచ్చిన బౌద్ధ విహారం గోడల మీద ఖ్మేర్ రామాయణం బొమ్మలున్నాయి. బాపు ఎవరినీ అడగకుండానే హనుమంతుణ్ణి గుర్తుపట్టి, ఒక్కో బొమ్మ ముందు ఆగి కథ చెప్పుకుంటూ పోయాడు.

అంగ్‌కోర్ వాట్‌ను 12వ శతాబ్దంలో రెండవ సూర్యవర్మ కట్టించాడు. గుడి ముఖం పడమరకు. పొద్దున ఐదింటికి తెరుస్తారు, సూర్యుడు గోపురాల వెనకాల లేస్తాడు, కొలను గట్టున జనం కిక్కిరిసి ఉంటారు. ఆ ఘడియ చూసి వెనక్కి వచ్చి పడుకున్నాం. మూడు దాటాక మళ్లీ పోతే పడమటి మండపంలోకి ఎండ ఏటవాలుగా పడుతోంది. కురుక్షేత్రం చెక్కిన గోడ అక్కడే. బాణాల మీద ఒరిగిన భీష్ముడు, చుట్టూ చేరిన యోధులు. తరతరాలుగా చేతులు తాకి రాయి నల్లగా నున్నబడింది. అంపశయ్య ముందు బాపు చాలాసేపు కదల్లేదు. పొద్దుటి గుంపు ఆ వేళకు పలచబడింది. మధ్యాహ్నం నిద్ర లేకపోతే ఆ గోడ దాకా ఆయన నడిచేవాడే కాదు.

టికెట్ ఒక్క రోజుకు 37 డాలర్లు, మూడు రోజులకు 62. ఆ మూడు రోజులూ వరసగా వాడనక్కర్లేదు, పది రోజుల్లో ఎప్పుడైనా వాడుకోవచ్చు. నడుమ విరామం పెట్టుకొని ఆరో నంబరు జాతీయ రహదారి మీది ప్సార్ లె మార్కెట్‌కు పోయాం. ఒకామె నిమ్మగడ్డి, వెల్లుల్లి, పచ్చి పసుపు కొమ్ములు రోట్లో వేసి దంచుతోంది. క్రోయుంగ్ అంటారు ఆ ముద్దను, అక్కడి కూరలకు అదే ప్రాణం. ఆమె వేళ్లన్నీ పచ్చగా ఉన్నాయి. బాపు ఒక కొమ్ము విరిచి వాసన చూశాడు. "మనం ఉడకబెట్టి, ఎండబెట్టి, పాలిష్ కొట్టించి నిజామాబాద్ యార్డుకు తోలుతం. వీళ్లు పచ్చిదే తింటున్నరు!" పసుపు పరిశోధన కేంద్రం ఉన్న ఊరి రైతు మరి, ఆ సాయంత్రమంతా అదే ముచ్చట.

పెద్దవాళ్లతో పోయేవాళ్లకు నేను వాట్ బోనే చెబుతాను. గది ఖాయం చేసుకునే ముందు కింది అంతస్తు కావాలని, లేదంటే లిఫ్ట్ ఉందా అని అడగండి. చిన్న బసల్లో మెట్లే ఎక్కువ. 2023 అక్టోబరులో తెరిచిన కొత్త విమానాశ్రయం పట్నానికి 40 కిలోమీటర్ల పైనే ఉంది. తిరుగు ప్రయాణానికి బండి ముందు రోజే మాట్లాడుకోవాలి.