గట్టు ఎత్తు కొలిచారా?



  ఈసారి ఉత్తరం మొత్తం ఒక పాఠకురాలి ప్రశ్నకే కేటాయిస్తున్నాను. ఆమెది రాజమహేంద్రవరం. మొదటిసారి కారు కొంటున్నారు. ఇంట్లో ఐదుగురు. ఏడాదికి నాలుగైదుసార్లు మారేడుమిల్లి ఘాట్ ఎక్కి భద్రాచలం వెళ్తారు, మిగతా రోజులు ఊళ్లోనే తిరుగుడు. మారుతి డిజైర్, టాటా నెక్సాన్ పెట్రోల్ బ్రోచర్లు రెండూ తెచ్చుకున్నారు. "రెండూ పొడవు 3,995 మిల్లీమీటర్లే, రెండింటి డిక్కీ 382 లీటర్లే. మరి తేడా ఎక్కడుందండీ?" అని అడిగారు.

ప్రశ్న నాకు ఎంతో నచ్చింది. రంగు గురించో, తెర సైజు గురించో అడగకుండా అంకెల్ని పక్కపక్కన పెట్టి చూశారావిడ.

ముందు ఆ 3,995 సంగతి. అది పన్ను లెక్కలోంచి పుట్టిన అంకె. మన దేశంలో పొడవు నాలుగు మీటర్లు దాటకుండా, పెట్రోల్ ఇంజన్ 1,200 సీసీ, డీజిల్ ఇంజన్ 1,500 సీసీ లోపు ఉంటే అది చిన్న కారు. 2025 సెప్టెంబర్ 22 నుంచి చిన్న కారుకు జీఎస్టీ 18 శాతం, గీత దాటిన పెట్రోల్, డీజిల్ కార్లకు 40 శాతం. అంతకుముందూ పన్ను తేడా ఈ గీత దగ్గరే ఉండేది. అందుకే ఇన్ని కార్లు నాలుగు మీటర్లకు అయిదు మిల్లీమీటర్ల ఇవతల ఆగిపోయాయి. 2008లో వచ్చిన మొదటి డిజైర్ నాలుగు మీటర్లు దాటి ఉండేది. 2012లో కొత్తది వచ్చినప్పుడు వెనక డిక్కీ కురచయింది ఈ గీత కోసమే. కాబట్టి పొడవు ఒకటే అయినంత మాత్రాన బండి ఒకటే అనుకోనక్కర్లేదు.

డిక్కీ లీటర్లు కూడా అంతే. 382 అంటే ఎంత పడుతుందో చెబుతుంది గానీ ఆ చోటు ఏ ఆకారంలో ఉందో చెప్పదు. ఒకదాంట్లో లోతుగా, వెడల్పుగా ఉంటుంది, ఇంకోదాంట్లో నిటారుగా. మీ ఇంట్లో అన్నిటికన్నా పెద్ద సూట్‌కేసు షోరూమ్‌కు పట్టుకెళ్లి పెట్టి చూడండి. ఎవరూ ఏమీ అనుకోరు. సీఎన్జీ బండి తీసుకునేవాళ్లు మరీ ముఖ్యంగా ఆ సిలిండర్ ఉన్న బండి డిక్కీనే తెరిపించి చూడాలి.

అసలు తేడా టార్క్ దగ్గర ఉంది. చాలామంది పవర్ అంకె చూసి ఆగిపోతారు. డిజైర్‌ది సుమారు 82 పీఎస్, నెక్సాన్‌ది 120. పక్కనే ఉండే టార్క్‌నూ, దాని వెంట ఉండే ఆర్పీఎమ్‌నూ వదిలేస్తారు. టైరు మార్చేటప్పుడు వీల్ స్పానర్‌తో నట్టు విప్పడం చూశారుగా? నట్టు మీద మన చెయ్యి పెట్టే మెలి బలమే టార్క్. నిమిషానికి ఎన్నిసార్లు తిప్పగలమన్నది ఆర్పీఎమ్. ఈ రెండూ కలిస్తేనే పవర్. డిజైర్ టార్క్ 111.7 న్యూటన్ మీటర్లు, అదీ 4,300 ఆర్పీఎమ్ దగ్గర. నెక్సాన్‌కు టర్బో ఉంది కనుక 170, అది 1,750 నుంచి 4,000 దాకా అలాగే నిలబడుతుంది.

ఈ అంకెల్ని ఘాట్ మీదికి తీసుకెళ్దాం. ఐదుగురు ఎక్కారు, మలుపులో వేగం తగ్గింది, ఇంజన్ 1,750 దగ్గర తిరుగుతోంది. అక్కడ నెక్సాన్ దాదాపు 31 కిలోవాట్ల పవర్ ఇవ్వగలదు. డిజైర్ తన టార్క్ అంతా అక్కడే ఇచ్చిందనుకున్నా 20కి కాస్త పైన, నిజానికి అంత కూడా రాదు. అయితే డిజైర్ ఘాట్ ఎక్కదని కాదు. గేరు దించి, ఇంజన్‌ను 4,000 దాకా తిప్పితే చక్కగా ఎక్కుతుంది. పైగా నెక్సాన్ దానికంటే రెండు వందల కిలోలకు పైగా బరువు, ఆ అదనపు బలంలో కొంత దాని ఒంటికే పోతుంది. గేర్లు ఓపిగ్గా మార్చుకునే డ్రైవర్‌కు ఒకటి, పికప్ వెంటనే కావాలనేవాళ్లకు ఇంకొకటి. ఆమెకు ఇదే రాసి, ఏడాదిలో ఎక్కువ రోజులు ఊళ్లోనే కాబట్టి 4.8 మీటర్ల టర్నింగ్ రేడియస్ ఉన్న డిజైర్ వైపే మొగ్గాను.

కానీ ఒక మాట అడిగాను. మీ సొంతూరి దారిలో స్పీడ్ బ్రేకర్ గట్లు ఉన్నాయా, వాటి ఎత్తు కొలిచారా అని.

స్పీడ్ బ్రేకర్‌కు ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ పెట్టిన కొలత ఉంది. ఎత్తు 10 సెంటీమీటర్లు, వెడల్పు 3.7 మీటర్లు. డిజైర్ ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య దూరం 2.45 మీటర్లు. అంటే కొలత ప్రకారం కట్టిన దాని మీద నాలుగు చక్రాలూ ఒకేసారి నిలబడతాయి, కారు కడుపు దానికి తగలదు. మన ఊళ్లలో రాత్రికి రాత్రి పోసే గట్టు మూరెడు వెడల్పు ఉంటుంది. ముందు చక్రాలు దిగాక, వెనకవి ఇంకా ఎక్కకముందు, గట్టు సరిగ్గా కడుపు కిందికి వస్తుంది. బ్రోచర్‌లోని గ్రౌండ్ క్లియరెన్స్, డిజైర్‌కు 163 మిల్లీమీటర్లు, నెక్సాన్‌కు 208, ఖాళీ బండికి కొలిచినవి. ఐదుగురు కూర్చుని డిక్కీ నింపితే ఆ ఎత్తులో కొంత కుంగిపోతుంది.

పది రోజుల్లో ఆమె జవాబు వచ్చింది. అబ్బాయి స్కేలు పట్టుకెళ్లి కొలిచాడట. మూడు గట్లలో రెండు 11, ఒకటి 15 సెంటీమీటర్లు. ఆ మూడోది వాళ్ల అత్తగారింటి వీధి మొదట్లోనే ఉందట. నేను చెప్పిన డిజైర్ మాట నేనే వెనక్కి తీసుకున్నాను.

మైలేజీ గురించి ఒక్క మాటే. డిజైర్ మాన్యువల్‌కు రాసిన లీటరుకు 24.79 కిలోమీటర్లు రోలర్ల మీద, ఏసీ లేకుండా, నిర్ణీత వేగాల్లో చేసిన పరీక్షలో వచ్చినది. రెండు బండ్లను పోల్చడానికి అది పనికొస్తుంది, నెల పెట్రోల్ ఖర్చు లెక్కకు కాదు. భద్రత నక్షత్రాలు మాత్రం తప్పకుండా చూడండి. 2023 అక్టోబర్ 1 నుంచి మన దేశపు క్రాష్ పరీక్ష భారత్ ఎన్‌క్యాప్ ఉంది. గంటకు 64 కిలోమీటర్ల వేగంతో ఎదురుగా ఢీకొట్టించి చూస్తారు. ఈ రెండింటికీ 5 నక్షత్రాలు వచ్చాయి. వెనక సీట్లో బెల్టు పెట్టుకోని అమ్మమ్మకు ఆ నక్షత్రాలు పెద్దగా సాయపడవు.

ఇప్పటికే కారున్నవాళ్లకు చెప్పాల్సింది ఇంకొకటుంది. నాలుగేళ్ల పాటు గాలి పట్టే అబ్బాయి "ఎంత పెట్టమంటారు సార్?" అంటే నాకు తోచిన అంకె చెప్పేవాణ్ని. డ్రైవర్ తలుపు తెరిస్తే పక్కన కనిపించే స్తంభం మీద అతికించిన కాగితంలో సరైన అంకె ఉందని ఆలస్యంగా చూశాను. తక్కువ మంది ఉన్నప్పుడు ఒకటి, నిండుగా ఎక్కినప్పుడు వేరొకటి. టైరు మీద రాసి ఉండేది ఆ టైరు తట్టుకునే గరిష్ఠం, మీ కారుకు పెట్టాల్సిన గాలి కాదు.

టైరు మీద 185/65 ఆర్15 88హెచ్ అని ఉందనుకోండి. వెడల్పు 185 మిల్లీమీటర్లు, పక్క గోడ ఎత్తు అందులో 65 శాతం, రిమ్ 15 అంగుళాలు. 88 అంటే ఒక్కో టైరు 560 కిలోలు మోస్తుంది, హెచ్ అంటే గంటకు 210 కిలోమీటర్ల దాకా. డిజైర్ కింది రకాలకు వచ్చే 165/80 ఆర్14 లెక్క కట్టండి, మొత్తం ఎత్తులో రెండు మిల్లీమీటర్ల తేడా కూడా ఉండదు. కానీ దాని పక్క గోడ 132 మిల్లీమీటర్లు, పెద్ద రిమ్ టైరుది 120. గుంతల రోడ్డు మీద ఆ 12 మిల్లీమీటర్ల రబ్బరు నడుముకు తెలుస్తుంది. ఖరీదైన రకమే అన్నిటా మేలని నేననను.

టైరు పక్క గోడ మీదే ఇంకో చోట, తయారీ తేదీ చెప్పే నాలుగు అంకెలుంటాయి. 2324 అంటే 2024లో 23వ వారం తయారైన టైరు. స్టెప్నీది కూడా చూడండి, దాన్ని అందరం మరిచిపోతాం.

ఈ ఆదివారం మీ తలుపు పక్కన కాగితం మీద ఏముందో, మీ ఊరి గట్టు ఎత్తెంతో రాసి పంపుతారు కదూ? వచ్చే ఉత్తరంలో ఇంజన్ ఆయిల్ డబ్బా మీది అంకెల గురించి రాస్తాను.

ఉంటాను,
మీ స్నేహితుడు