నాయనగారి తోలుసంచి



ఇత్తడిబిందెను చింతపండుతో తోమవలెననియు, పట్టుచీరను నీడపట్టున ఆరవేయవలెననియు, ఊరగాయజాడీలో తడిచేయి పెట్టరాదనియు మనకు తల్లులు నేర్పిరి. కాని తోలువస్తువు నెట్లు కాపాడుకొనవలెనో నేర్పిన తల్లి యరుదు. చెప్పులు గడపకు వెలుపల విడుచునవి గదా! వానిని గూర్చిన విద్యయు గడపకు వెలుపలనే నిలిచిపోయినది. ఆ విద్య లేక నేను చేసిన యొక పొరపాటును, దానివలన నేర్చుకొనిన కొన్ని సంగతులను మీకు విన్నవింపగోరుచున్నాను.

మా నాయనగారు బడిపంతులు. 1964వ సంవత్సరమున తెనాలికి సమీపమున నున్న మా గ్రామపు బడిలో ఉద్యోగమున జేరినపుడు, ఊరి చర్మకారునిచేత ఒక తోలుసంచి కుట్టించుకొనిరి. తంగేడుచెక్కతో పదునుచేసిన మేలైన తోలు, గోధుమవన్నె, ముందు ఇత్తడి కొక్కెము. మూత లోపలివైపున తమ పేరును, ఆనాటి తేదీని సిరాతో వ్రాసికొనిరి. నాటినుండి 1996లో ఉద్యోగము విరమించువరకు ఆ సంచి లేనిదే ఆయన బడికి పోయి యెఱుగరు.

ఆదివారము ఉదయమున అరుగుమీద కూర్చుండి పాతపంచె ముక్కతో దానిని తుడుచుట ఆయనకు నియమము. మా నాయనమ్మ లోపలినుండి, "తోలు ముట్టుకున్నావు, స్నానం చేసి గాని లోపలికి రాకు నాయనా" అనెడిది. ఆయన చిన్నగా నవ్వి బావియొద్దకు పోయెడివారు. సంచి మాత్రము నడవాలోని బల్లపై నుండెడిది.

2009లో ఆయన గతించిరి. సంచి నాకు వచ్చినది. దాని నొక ప్లాస్టిక్ కవరులో గట్టిగా చుట్టి బీరువాపై నుంచి, భద్రపరచితి ననుకొంటిని.

2022వ సంవత్సరపు వేసవిలో నా మనుమరాలికి బడిలో ఉద్యోగమైనది. "అమ్మమ్మా, ముత్తాతయ్య సంచి ఉందన్నావుగా, నాకిస్తావా? మొదటిరోజు అదే పట్టుకుని వెళతాను" అని యడిగినది. నా సంతోషమునకు మేర లేదు. ఆమె చేరవలసిన దినమునకు మూడు వారముల వ్యవధి యున్నది. కవరు విప్పితిని. సంచినిండ తెల్లని బూజు. మూత మడతలయందు సన్నని పగుళ్లు.

అంతట నే నేమి చేసితినో వినుడు. బూజు పోవలెనని సబ్బునీటితో శుభ్రముగా కడిగితిని. త్వరగా ఆరవలెనని మేడమీద మిట్టమధ్యాహ్నపు టెండలో పెట్టితిని. సాయంకాలమునకు అది వేయింపని అప్పడమువలె బిగిసిపోయినది. మెత్తబడునను ఆశతో కొబ్బరినూనె దట్టముగా పట్టించితిని. మరునాటికి నల్లనల్లని మచ్చలు తేలినవి. నాలుగుదినములకు మక్కువాసన మొదలైనది. ఎత్తబోగా పిడి ఊడి నా చేతిలోనికి వచ్చినది. ముప్పది రెండేండ్లు పాఠ్యపుస్తకముల బరువు మోసిన పిడి! ప్రేమతో చేసిన పనియే యైనను, ఎఱుక లేకుండుటచే నా తండ్రి వస్తువును నా చేతులతోనే పాడుచేసితిని గదా యని ఆ రాత్రి నిద్రపట్టలేదు.

మా వీథి మొగను, వేపచెట్టు క్రింద, డెబ్బదియేండ్ల వృద్ధు డొకరు చెప్పులు కుట్టుచుందురు. మరునా డుదయమున సంచి తీసికొని వారియొద్దకు పోయితిని. ఆయన దానిని ఒడిలో పెట్టుకొని, వాసన చూచి, కొబ్బరినూనె యని వెంటనే కనిపెట్టిరి. నన్ను నిందింపలేదు. సంచిని త్రిప్పి అంచుల కుట్టును వ్రేలితో తడవిచూచి, కొంతసేపు మాటాడక యుండి, ఇట్లనిరి.

"రెండు సూదుల కుట్టమ్మా ఇది. మిషను కుట్టు కాదు. మంచి పనివాడు. ఎవరు కుట్టారు? పేరేమిటి?"

నేను సమాధానము చెప్పలేకపోయితిని.

నాకు జ్ఞాపకమున్న దొక్కటియే. అయిదేండ్ల పిల్లనై నేను స్తంభము చాటున నిలుచుండగా, ఆ పనివారు సంచి తెచ్చి అరుగు క్రింద, ఎండలో, నిలువబడిరి. మా నాయనమ్మ దానిని నేలపై పెట్టుమని, నీళ్లు చిలుకరించిన పిమ్మట లోపలికి తెప్పించినది. కూలిడబ్బులను పైనుండి వారి దోసిలిలో వేసిరి. 1950లో అమలునకు వచ్చిన రాజ్యాంగములోని 17వ అధికరణము అస్పృశ్యతను నిషేధించినది. పదునాలుగేండ్లు గడచినను ఆ శాసనము మా యరుగుమీదికి ఎక్కలేదు. వారు కుట్టిన సంచి మా నడవాలో అర్ధశతాబ్దమునకు పైగా నున్నది. వారి పేరు మాలో నొక్కరమును అడిగి యుండలేదు. మా నాయనగారు కూడ మూతపై తమ పేరే వ్రాసికొనిరి.

ఆ వృద్ధుడు నా మౌనమును గ్రహించిరి కాబోలు, మరల అడుగలేదు. "వదిలి వెళ్లండమ్మా, చేద్దాం" అనిరి. నేను వదలి పోలేదు. ప్రతిదినము ప్రొద్దుట వచ్చి, ప్రక్కనున్న గట్టుపై కూర్చుండి, చేయుపనిని చూచితిని. వారు చెప్పినదానిని, అటుపిమ్మట నేను చదివి తెలిసికొనినదానిని కలిపి మీకు వ్రాయుచున్నాను.

తోలన సన్నని పోగుల అల్లిక. పచ్చిచర్మమును సున్నములో నానవేసి వెండ్రుకలు తీసి, తంగేడుచెక్క, కరక్కాయ మొదలగువాని రసములో నానబెట్టుదురు. ఆ వగరు పోగులకు పట్టుటచే చర్మము కుళ్లక తోలగును. దీనికి వారముల కాలము పట్టును. క్రోమియము లవణములతో పదునుచేయు పద్ధతి పందొమ్మిదవ శతాబ్దపు చివర వచ్చినది. అది చాల తక్కువ కాలములో ముగియును. నేటి తోలులో అధికభాగ మట్టిదే. ఏ పద్ధతిలో నైనను కడపట కొంత కొవ్వుపదార్థమును తోలులోని కెక్కింతురు. దానివలననే పోగు లొకదానిపై నొకటి జారుచు, వంగినను విరుగకుండును. నా సబ్బునీరు ఆ కొవ్వును కడిగివేసినది. తడితోలుపై పడిన యెండ పోగులను ముడుచుకొని అంటుకొనునట్లు చేసినది. కొబ్బరినూనె ఒకచోట ఎక్కువగా, ఒకచోట తక్కువగా ఇంకి మక్కిపోయినది. ఇక ప్లాస్టిక్ కవరు గాలి నాడనీయక తేమను లోపలనే బంధించి బూజును పెంచినది. నాలుగును నేను చేసిన అపచారములే.

ఈ సందర్భమున మా నాయనగారు తరచు చెప్పెడి యొక పేరు జ్ఞప్తికి వచ్చుచున్నది. తెనాలి ప్రాంతమందలి యలవర్రు గ్రామమున 1922లో జన్మించిన డాక్టరు యలవర్తి నాయుడమ్మగారు తోలు విషయమునే తమ శాస్త్రముగా ఎన్నుకొని, 1948లో మదరాసున స్థాపింపబడిన కేంద్ర చర్మ పరిశోధనాసంస్థకు సంచాలకులైరి. 1985లో కనిష్క విమానప్రమాదమున మృతినొందిరి. ఊరివా రంటుకొనుటకు సంకోచించిన వస్తువును ఆయన ప్రయోగశాలలో బల్లపై పెట్టి చదివిరని మా నాయనగారు గర్వముగా చెప్పెడివారు. వినుచు నేనును గర్వించితిని. కాని నే నొక్క చెప్పునకైన పాలిష్ చేయుట నేర్చుకొనలేదు.

ఇక పనిక్రమము. మొదట వెలుపలి గాలిలో, ముక్కునకు గుడ్డ కట్టుకొని, పొడి బ్రష్షుతో బూజు దులిపిరి. నీరును స్పిరిటును సమపాళ్లలో కలిపి, గుడ్డను తడిపి, గట్టిగా పిండి తుడిచిరి. ఏ మందునైనను ముందుగా కనబడని మూల పరీక్షించి చూడవలెను. రంగు గుడ్డకు దిగినచో ఆపివేయవలెను. పిదప లోపల పాతకాగితములు కూరి, ఆకారము చెడకుండ, రెండు దినములు నీడను ఆరబెట్టిరి. నూనె మచ్చలపై మొక్కజొన్నపిండి చల్లి, రాత్రంతయు ఉంచి దులిపిరి. మూడుమారు లట్లు చేయగా జిడ్డు చాలవరకు పోయినది. మచ్చలు పలచబడినవి గాని పూర్తిగా పోలేదు.

తరువాత తోలుకు పూయు క్రీమును వ్రేలికొనతో, కనబడీ కనబడనంత పలుచగా పూసి, ఒకదినము విడిచి మరల పూసిరి. "ఆకలిగా ఉన్నవాడికి ఒక్కసారే కడుపునిండా పెట్టకూడదమ్మా" అని యాయన మాట. అటుపిమ్మట పిడి. పాత రంధ్రములలోనే ఆరెను నడపి, తేనెమైనము రాచిన దారమునకు రెండుకొనల రెండు సూదులు తగిలించి, ప్రతి రంధ్రముగుండ రెండువైపులనుండి దూర్చి బిగించిరి. ఒక కుట్టు తెగినను ప్రక్కకుట్టు విడిపోదు. అరువదియేండ్ల క్రిందటి చేయి చేసినదియు నిదియే.

పాలిష్ చివరిపని. ధూళిపై పాలిష్ పూసిన, ధూళిని లోపల పెట్టి తలుపు వేసినట్లే. మైనపు పాలిష్ తోలునకు ఆహారము గాదు, అది గొడుగు. పలుచగా పూసి, పది పదునైదు నిమిషములు ఆగి, బ్రష్షుతో రుద్ది, మెత్తని గుడ్డతో మెరుగు పెట్టవలెను. మనము ఎఱిగిన 'కివీ' పాలిష్ 1906లో ఆస్ట్రేలియాలోని మెల్బోర్నున పుట్టినది. దానిని చేసిన విలియమ్ రామ్సే తన భార్య పుట్టినిల్లైన న్యూజిలాండుపై గౌరవముతో అచ్చటి పక్షిపేరు పెట్టినాడు. ఆ డబ్బామీద ఒక స్త్రీ పుట్టింటి గురుతున్నదని తెలిసినప్పుడు నాకు ముచ్చటైనది.

మీ యింట నుండు తక్కిన వస్తువులకును ఈ నియమములే. వానలో తడిసిన బూట్లలో కాగితములు కూరి, తడిసినకొలది మార్చుచు, నీడను ఆరబెట్టుడు, పొయ్యిదగ్గర పెట్టవలదు. చెమట ఆరుటకు వ్యవధి యుండునట్లు ఒకే జత దినదినము తొడుగక, ఒకనాడు విశ్రాంతి యిండు. నూగు తేలిన మెత్తని స్వేడ్ తోలునకు పొడి బ్రష్షే గాని మైనము కూడదు. తోలు సోఫాను కిటికీ యెండకు దూరముగా జరుపుడు. తల యానించు చోటును వారమున కొకసారి తుడువుడు. అచ్చటి జిడ్డే ముందుగా పైపూతను చెరుచును. రెక్సిను మాత్రము తోలు కాదు. గుడ్డపై పూసిన ప్లాస్టిక్ పొర పొలుసులుగా లేచినచో ఏ క్రీమును దానిని బ్రతికింపజాలదు. నిజమైన తోలున కైనను ఒకసారి పడిన పగులు మరల పూడదు. పెరుగకుండ ఆపుకొనుటయే మన చేతిలోనిది.

పదునెనిమిదవ నాటికి సంచి నా చేతికి వచ్చినది. మచ్చలున్నవి, మడతలో పగుళ్లున్నవి. అయినను వంచిన వంగుచున్నది, పిడి గట్టిగా నున్నది. 600 రూపాయ లడిగిరి. అంతకు మించి ఇయ్యబోగా, "పనికి ఎంతో అంతే అమ్మా" అని తీసికొనలేదు. అప్పుడు, ఇన్ని దినములు చూచియు అడుగనిదానిని, వారి పేరు నడిగితిని. చెప్పిరి. పత్రికలో వ్రాయుదునా యనగా, వలదని చేయి యూపిరి. కావున నిచ్చట వ్రాయలేదు.

మా గ్రామమునకు ఫోనుచేసి పెద్దలను విచారించితిని. తొలుత కుట్టినవారి పేరు ఎవరికిని జ్ఞాపకము లేదు. వారి కుటుంబము ఏ పట్టణమునకో తరలిపోయినదట.

నా మనుమరాలు ఒక చిన్నకాగితముపై మూడు వరుసలు వ్రాసి మూత లోపలి జేబులో పెట్టుకొన్నది. మొదటివరుసలో, "1964, కుట్టినవారు" అని వ్రాసి ముందు ఖాళీ విడిచినది. రెండవదానిలో మా నాయనగారి పేరు. మూడవదానిలో వేపచెట్టు క్రింది పెద్దాయన పేరు, 2022. ఆ సంచితోనే బడికి పోవుచున్నది. ఆదివారములందు తానే తుడుచుకొనును. పిమ్మట చేతులు కడిగికొని వచ్చి మాతో కూర్చుండి భోజనము చేయును.

సోదరీమణులారా, మీ యింట పెద్దల బూట్లు, పెట్టెలు, కుర్చీలు ఏవైన అటకపై నున్నచో నేడే దింపి ప్లాస్టిక్ తొలగించి గాలి సోకనిండు. నూనె పట్టింపకుడు. చేతగానిపనిని తెలిసినవారియొద్దకు కొనిపొండు. తిరిగి వచ్చునపుడు వారి పేరడిగి తెలిసికొనుడు. మా కాగితముపై మొదటివరుసలోని ఖాళీని నింపుటకు నా కిక మార్గము లేదు. మీకు ఇంకను సమయ మున్నది.