ఆర్ట్ పేపరుకు నీటిగండం

తాటాకు ప్రతులు రాసిన లేఖకులు గ్రంథాంతంలో, నూనె నుండి, నీటి నుండి తనను కాపాడమని పుస్తకమే వేడుకొంటున్నట్లుగా శ్లోకం చేర్చే ఆచారం ఉండేది. ఆర్ట్ పేపరు పుస్తకానికి ఆ మొర మరింత అవసరమని 2024 సెప్టెంబరులో, బుడమేరు వరదలో తెలిసివచ్చింది.

విజయవాడ సింగ్‌నగర్‌లోని మా అక్కయ్య ఇంట్లో నడుములోతు నీరు చేరింది. నీరు తీశాక న్యూస్‌ప్రింటు నవలలు అప్పడాల వలె వంకరలు తిరిగినా చదువుకోను పనికివచ్చాయి. బావగారు పనిచేసిన పాఠశాల స్వర్ణోత్సవ సంచిక అట్లు కాదు. కీర్తిశేషులైన ఆయన రంగుల చిత్రం అక్కయ్యకు మిగిలినది అందులోనే. ఇంట రెండు ప్రతులున్నాయి. మేనల్లుడు ఒకదానిని మేడమీద ఎండబెట్టాడు. సాయంత్రానికి అది ఇటుక అయింది.

ఆ నునుపు కాగితానిది కాదు, పూతది. చీనామట్టినో సుద్దపొడినో గంజి వంటి బంధకంతో కలిపి, గోడకు సున్నం వేసినట్లు పైన పూస్తారు. సిరాను లోనికి ఇంకనీయక పైనే నిలుపుతుంది గనుక బొమ్మ అంత తేటగా వస్తుంది. తడిస్తే బంధకం మెత్తబడి ఎదురెదురు పుటల పూతలు కలుస్తాయి. అయితే పుటలను అంటించేది తడి కాదు, ఆ తడి ఆరడం. పిదప బలవంతాన విప్పితే పూతతోపాటు బొమ్మ ఊడివస్తుంది.

రెండవ ప్రతి అదృష్టవశాత్తు పెట్టె అడుగున ఇంకా తడిగానే ఉన్నది. దానిని పళ్లెంలో మంచినీట ఉంచి, ఒక్కొక్క పుటనే మెల్లగా విడదీసి, నడుమ మైనపు కాగితాలు పరచి నీడన ఆరబెట్టాము. భుజం దగ్గర పూత లేచిపోయింది. ముఖం దక్కింది. అక్కయ్య చాలాసేపు మాట్లాడలేదు.

ఆ చిత్రంలో బావగారి పెదవి అంచున సన్నని ఎర్రగీత మొదటినుండీ ఉన్నది. అదీ తేమ చేసిన పనే కావచ్చు. వానాకాలపు గాలికి కాగితపు నారలు పొడవున స్వల్పంగా, అడ్డంగా అనేక రెట్లు ఉబ్బుతాయి. ఒక రంగు వేసి మరొకటి వేసేలోగా కాగితం వెంట్రుకవాసి పెరిగినా రెండవ రంగు పక్కన పడుతుంది. అందుకే ముద్రాపకులు గదిలో తేమను 50 శాతం సుమారున నిలిపి, కాగితపు కట్టలను అవసరమైనప్పుడే విప్పాలంటారు. (మన పాత ప్రెస్సులలో, శ్రావణమాసంలో, ఎవరికి సాధ్యమయ్యేది!)

తడిసినవి ఎక్కువై, విడదీసే తీరిక లేకుంటే, ఆరకముందే ప్లాస్టిక్ సంచులలో చుట్టి డీప్ ఫ్రీజర్‌లో పెట్టాలి, కరెంటు ఉంటే. గడ్డకట్టి ఉన్నంతకాలం పుటలు అతుక్కోవు. పెద్ద గ్రంథాలయాలకు వాక్యూమ్ యంత్రాలతో ఆ మంచును నీరు కానీయకుండానే ఆవిరి చేయించే వీలున్నది. మన ఇళ్లలో అది లేకున్నా, ఒక్కొక్క పుస్తకమే కరిగించుకొని విడదీసుకొనే వ్యవధి దొరుకుతుంది.