పామూరులో గ్లాసు అంచు

భైరవకోనలోని ఎనిమిది గుహాలయములను చూచి వ్రాయుమని మా సంపాదకులు నన్ను పంపిరి. త్రోవలోనే యున్నది గదా, పామూరున దిగి మదన వేణుగోపాలస్వామిని, వల్లీ భుజంగేశ్వరస్వామిని కూడ దర్శించి, ఆ కోవెలలను గూర్చి నాలుగు వాక్యములు చేర్చుమనియు వారి ఆదేశము. కోవెలలు తరతరములుగా నిలిచియున్నవి, ఇంకను నిలుచును. వాటిని గూర్చి వ్రాయువారు రేపైనను దొరకుదురు. కాని బస్సుస్టాండునకు సమీపమున ఒక టీ అంగడి వెనుక, రేకుల చూరు క్రింద, నాపరాతి బండ ముందు పీటపై కూర్చుండి గాజు గ్లాసులు కడుగుచున్న ఒక వృద్ధురాలిని గూర్చి వ్రాయువారు రేపటికి దొరకుదురను నమ్మకము నాకు లేకపోవుటచేత, దేవుళ్లకు దూరమునుండియే నమస్కరించి, ఆమె యెదుట ఒక ఖాళీ నూనెడబ్బాను బోర్లించుకొని కూర్చుంటిని.

ఆమె ముందు మూడు తొట్లు ఉండెను. మొదటిదానిలో ఎంగిలి గ్లాసులు మునుగును. రెండవదానిలో తోమినవి తేలును. మూడవది చిన్నది, మూతపెట్టినది, దానిలోని నీటిని ఆమె దోసెడైనను వృథా పోనీయదు. ఎడమచేతి బొటనవ్రేలు గ్లాసు లోపల, చూపుడువ్రేలు వెలుపల, నడుమ పీచు. తిరుగునది గ్లాసే గాని చేయి కాదు. ఒక్క చుట్టు తిరిగి అంచు మొదటికి వచ్చునప్పటికి ఆమె చూపు మరియొక గ్లాసు మీదికి పోయియుండును. కడిగిన తరువాత కంటితో చూడదు. పసిబిడ్డకు పన్ను మొలచినదేమో అని చిగురు తడిమి చూచు అమ్మమ్మ వలె అంచు చుట్టును వ్రేలితో నిమిరి, నునుపు తగిలిననే బోర్లించును, గరుకు తగిలినచో మరల మొదటి తొట్టిలోనికి జారవిడుచును. అంగడి ముందు నిలిచి టీ త్రాగువారిలో ఒక్కరును ఈ వ్రేలి పరీక్షను ఎరుగరు. వారెరిగినది తప్పు పట్టుట మాత్రమే.

ఆ తప్పుపట్టుటను నేను చెవులార వింటిని. ముందువైపున ఎవరో గ్లాసును బల్లపై టక్కున పెట్టి, “ఏందన్నా, ఎంగిలి గ్లాసులో పోసిస్తివే? అంచున చూడు, తెల్లంగా!” అనెను. అంగడి యజమాని లోపలికి తలత్రిప్పి, “పెద్దమ్మా, రొంత చూసి కడగరాదా!” అని విసుగుకొనెను. ఆమె మారుపలుకలేదు. గ్లాసును అందుకొని, వెలుతురున కొకసారి పట్టి, ప్రక్కనున్న మూకుడులోని పిండేసిన నిమ్మడిప్ప నొకటి తీసి అంచున రుద్ది, రెండు గుటకలంత సేపు ఆగి, చిన్నతొట్టి నీటితో కడిగి, పాత పంచె గుడ్డతో తుడిచి పంపినది. పిమ్మట నావైపు చూచి, “ఎంగిలి కాదు నాయనా అది. ఎంగిలైతే పోతది. అది నీళ్లు,” అనెను. ఆక్షేపించిన పెద్దమనిషి పెదవులు వక్కాకు నమిలి ఎర్రబారియుండెను. అతడు త్రాగి విడిచిన గ్లాసు అంచున ఆ యెరుపు అర్ధచంద్రాకారమున అంటుకొని మరల ఆమె తొట్టిలోనికే వచ్చినది. దానికి క్షమాపణ కోరిన వారెవరును లేరు.

మరకలలో జాతిభేదము లున్నవనియు, ఒకదాని మందు మరియొకదానికి పనిచేయదనియు ఆమె వలన తెలిసికొంటిని. వక్కాకు మరకకు, అడుగున పట్టిన టీ కరకు ఉప్పుగల్లు గాని వంటసోడా గాని కావలెను. తడిపీచుపై అద్ది రుద్దినచో వదలును. పెదవుల జిడ్డునకు సబ్బు, వేడినీళ్లు. తెల్లని పొరకు మాత్రము పులుపు తప్ప వేరు మందు లేదు. ఎంత తోమినను, ఎంత సబ్బు పూసినను అది కదలదు. సబ్బు పూయుకొలదియు మరింత మసకబారును. “ఈ నీళ్లల్లో సబ్బు యాడ నురగ వస్తది నాయనా, విరిగిపోతది,” అని ఆమె చెప్పిన మాట రసాయనశాస్త్రమునకు అక్షరాల సరిపోవును: కఠినజలములోని సున్నపు లవణములు సబ్బుతో కలిసి, నీట కరగని తెట్టుగా మారి, శుభ్రపరుపవలసిన గాజునకే అంటుకొనును. ఇసుకతోను ఇటుకపొడితోను తోముటను ఆమె సహింపదు. అవి గాజును గీయును. గీతలో మరక దాగును. ఒకసారి గీసికొనిపోయిన అంచును ఎన్ని నిమ్మకాయలును బాగుచేయలేవు. అట్టి గ్లాసులను ఆమె వేరుగా ఒక బుట్టలో వేసి యజమానికి చూపును. అతడు వాటిని మరల బల్లమీదికి చేర్చును. ఈ విషయమున వారిరువురికిని నిత్యకలహము.

తెల్లని పొర పుట్టుక చిన్న సంగతి కాదు. వాననీరు నేలలోని బొగ్గుపులుసుగాలిని గ్రహించి స్వల్పముగా ఆమ్లత్వము పొంది, సున్నపుపాలుగల రాతిని మట్టిని కరగించుకొనుచు లోతులకు దిగును; బోరు ద్వారమున పైకి వచ్చి గ్లాసు అంచున బిందువుగా నిలిచి ఆరునప్పుడు ఆ గాలి ఎగిరిపోయి, సున్నపురాయి తిరిగి రాయిగా గాజునకు అతుకుకొనును. నిమ్మలోని పులుపు తగిలిననే ఆ రాయి మరల కరగును. కడిగిన గ్లాసును ఎండలో ఆరనీయరాదు, తడియుండగనే తుడువవలెనని ఆమె పెట్టుకొన్న నియమమునకు కారణమిదియే: నీరు ఆరిన చోటనే రాయి మిగులును, తుడిచిన చోట మిగులదు. ఇక టీ పోసిన తరువాత అంచున చుట్టుకొను గోధుమరంగు తెట్టును గూర్చి లండనులోని ఇంపీరియల్ కళాశాల రసాయనికులు స్పైరో, జగన్యి అనువారు 1993లో ‘నేచర్’ పత్రికలో ప్రకటించిన దేమనగా, కఠినజలములోని సున్నము, బైకార్బొనేటు తోడైనప్పుడు టీలోని వగరుద్రవ్యములు గాలి తగిలి ఆ పొరగా కట్టుననియు, పులుపు చేర్చినచో అది కట్టదనియు. లండను నీరు కూడ కఠినజలమే. అచ్చట ఆ మరక పరిశోధనాగారమునకు పోయినది. పామూరులో ఒక ముసలిదాని మీదికి నిందగా వచ్చినది.

ఇంతవరకు నాకు ఆశ్చర్యమును గౌరవమును మాత్రమే కలిగినవి. విసుగు పుట్టినది తరువాత. యజమాని తీరిక చేసికొని వచ్చి, తన అంగడి వ్యవహారమును సగర్వముగా వివరింప మొదలుపెట్టెను. టీ కాచుటకు ఇరువది లీటర్ల క్యాన్ నీళ్లే. గ్లాసులు కడుగుటకు మాత్రము బోరు నీళ్లు. “కడగటానికి గూడా క్యాన్ నీళ్లంటే ఎట్టా గిట్టుబాటవుద్ది సార్? అయినా ఇప్పుడు వేరే బోరు నుంచి తోలిస్తా ఉండా. ఆ నీళ్లకు మచ్చ పడదు, గ్లాసు అద్దమే! మంచి నీళ్లు సార్ అయ్యి,” అని అతడు చెప్పగా, వృద్ధురాలు తల యెత్తక, “మచ్చ పడకపోతే మంచియ్యేనా? ఆ బోరు కాడ పిలకాయల పండ్లు చూసినావా?” అనెను. యజమాని నవ్వి ముందుకు పోయెను. నేను నవ్వలేకపోతిని; ఏలననగా ఆమె ప్రశ్న ఈ సీమ చరిత్ర నంతటిని కదలించు ప్రశ్న.

ప్రకాశం జిల్లా 1970లో ఏర్పడుటకు పూర్వము పామూరుతో కూడిన ఈ కనిగిరి ప్రాంతము నెల్లూరు జిల్లాలోనిది. ఆ నెల్లూరు జిల్లా పల్లెలలో నడుము వంగినవారిని, మెడ త్రిప్పలేనివారిని, కీళ్లు బిగిసినవారిని పరీక్షించి, దానికి మూలము త్రాగునీటిలోని ఫ్లోరైడని షార్ట్, మెక్‌రాబర్ట్, బర్నార్డ్, మన్నాడి నాయర్ అను వైద్యులు 1937లో ప్రకటించిరి. భారతదేశమున ఈ వ్యాధిని గూర్చిన తొలి నివేదికగా దానిని నేటికిని పేర్కొందురు. అనగా ఈ సీమ నీటిలోని దోషము నిన్న మొన్న కనుగొన్నది కాదు. స్వాతంత్ర్యమునకు పదియేండ్లు ముందే అచ్చుపడి, గ్రంథాలయముల కెక్కినది. అచ్చుపడిన సత్యము బోరు దిమ్మె వరకు నడచివచ్చుటకు ఎన్ని తరములు పట్టునో మన పాలనావిధానమే చెప్పవలెను.

ఇందలి విపరీతమేమనగా, సున్నమును ఫ్లోరైడును నీటిలో ఒకదాని నొకటి సహింపవు. రెండును అధికమైనచో కలిసి కరగని ఖనిజమై నేలలోనే నిలిచిపోవును; కావున ఫ్లోరైడు మిక్కిలిగా కరగియుండు నీరు తరచుగా సున్నము తక్కువైన నీరే, సోడాపాలు హెచ్చైన నీరే. అట్టి నీటికి సబ్బు చక్కగా నురగ వచ్చును, పప్పు త్వరగా ఉడుకును, గ్లాసు అంచు అద్దమువలె మెరయును. తెల్లమచ్చ పడిన నీరెల్ల నిర్దోషమనియు, పడని నీరెల్ల విషమనియు నేను చెప్పుటలేదు. ఆ తీర్పు పరీక్షనాళికదే. భారత ప్రమాణసంస్థ 2012 నాటి నిర్దేశము ప్రకారము త్రాగునీటి లీటరులో ఫ్లోరైడు 1 మిల్లీగ్రాము దాటరాదు. వేరు ఆధారము లేనప్పుడు 1.5 వరకు ఓర్చుకొనవచ్చును. అదే నిర్దేశము కఠినత్వమునకు 200 మిల్లీగ్రాములను, వేరు గతి లేనప్పుడు 600 వరకును అనుమతించును. వందలలో లెక్కింపబడునది అంచున కనిపించి మనకు కోపము తెప్పించును. ఒకటి ఒకటిన్నరలలో లెక్కింపబడునది కనిపించక ఎముకలలో చేరును. కంటినిబట్టి నాలుకనుబట్టి నీటిని నిర్ణయించు మనకు ఈ రెండవది ఎట్లు పట్టుబడును?

పట్టుబడు చోటు ఒక్కటే కలదు. అది పన్ను. ఎనిమిదేండ్లలోపు బిడ్డలకు శాశ్వతదంతముల పింగాణి ఏర్పడుచుండగా ఫ్లోరైడు మితిమీరినచో, ఆ పింగాణిలోనే తెల్లని, పసుపుపచ్చని, గోధుమరంగు చారలు పడును. పైన అంటుకొన్న మరక కాదు గనుక పులుపునకు, ఉప్పునకు, ఏ దంతధావన చూర్ణమునకును అది లొంగదు. వృద్ధురాలు తన జీవితమున అంటినవానిని వదలించుటయే వృత్తిగా చేసికొన్నది. వదలని మరకను చూచినప్పుడు దానిని గుర్తించుట ఆమెకు తెలియక మరెవరికి తెలియును? ఏ ట్యాంకరు ఏ బోరున నింపుకొని వచ్చినదో గ్లాసు ఆరిన తీరును బట్టి చెప్పగలనని ఆమె అనినప్పుడు నేను నమ్మితిని. నీళ్లను గూర్చి జరుగు సభలకు ఆమెను పిలిచినవారు లేరు.

అంగడివారికి ఈ చిక్కులన్నిటికి ఒక సులభోపాయము దొరకినది: కాగితపు గ్లాసు. కడుగ నక్కరలేదు, మచ్చ లేదు, ఆక్షేపణ లేదు. త్వరలో పీటపై కూర్చుండు మనిషి కూడ నక్కరలేదు. ఆ కాగితము లోపల సన్నని ప్లాస్టిక్ పొర యుండుననియు, పావుగంట సేపు వేడిపానీయము నిలిచినచో నూరు మిల్లీలీటర్లలోనికి ఇరువదియైదువేల సూక్ష్మకణములు రాలుననియు ఖరగ్‌పూర్ ఐఐటీ పరిశోధకులు 2020లో తెలిపిరి. దీనిని మించి నన్ను బాధించునది వేరొకటి. తెలుగు పల్లెలలో టీ అంగళ్లయందు ఒక కులమునకు వేరు గ్లాసు పెట్టి, త్రాగినవానిచేతనే కడిగించి, దూరపు గూటిలో పెట్టించిన రెండు గ్లాసుల దురాచారము 1955 నాటి అస్పృశ్యతా నేరముల చట్టము వచ్చిన పిమ్మట కూడ చాలకాలము సాగినది. ఒకరి పెదవి తగిలిన అంచును కడిగి మరియొకరు త్రాగుట ఆ దురాచారమునకు నిజమైన ప్రత్యుత్తరము. కాగితపు గ్లాసు ఆ ప్రత్యుత్తరమును ఇయ్యలేదు. ప్రశ్నను చెత్తకుప్పలో పడవేసినది. ఎవరును పశ్చాత్తాపపడ నవసరము లేకుండ అందరును తలా ఒక గ్లాసు త్రాగి పారవేయుచున్నారు. పామూరు వృద్ధురాలి తొట్టిలో మాత్రము అన్ని పెదవుల గ్లాసులును ఒక్క నీటిలోనే మునిగి, ఒక్క గుడ్డతోనే తుడువబడి, ఏది ఎవరిదో తెలియక వెలుపలికి పోవుచున్నవి. ఈ సమత్వమును ఆమెకు నెలజీతమిచ్చువాడు గాని, ఆమెను తప్పుపట్టువాడు గాని గమనించినట్లు లేదు.

క్యాను నీరు కూడ కాగితపు గ్లాసు వంటి ఉపాయమే. కొనగలవాడు కొనును, టీకి కొనును, కడుగుటకు కొనడు, పట్టణమున కొనును, పల్లెలో బోరునే త్రాగును. వేరు మార్గములు లేకపోలేదు. పటికతోను సున్నముతోను ఫ్లోరైడును తేర్చు పద్ధతిని నాగపూరులోని జాతీయ పర్యావరణ పరిశోధనసంస్థవారు మన నల్గొండ పేరుతోనే 1970ల నాడు సిద్ధపరచిరి. పామూరు మండలములోని మోపాడు చెరువున నిలుచు మన్నేటి నీటి వంటి ఉపరితలజలములలో ఈ దోషము సామాన్యముగా తక్కువ. శ్రీశైలమునుండి నల్లమలను తొలిచి నలుబదిమూడున్నర టీయంసీల కృష్ణాజలమును తెచ్చుటకు తలపెట్టిన వెలిగొండ ప్రాజెక్టునకు 1996లో శంకుస్థాపన జరిగినది. ఆ యేట పుట్టిన బిడ్డలకు పాలపండ్లు రాలి, శాశ్వతదంతములు మొలచి, వారికే బిడ్డలు కలిగి, ఆ బిడ్డలకును పండ్లు మొలచు కాలము వచ్చినది. సొరంగములు ఎన్ని యేండ్లైనను వేచియుండగలవు. పంటి పింగాణి వేచియుండదు.

నేను పెద్ద ప్రణాళికలను అడుగుట లేదు. ప్రతి బోరు దిమ్మె మీదను, ట్యాంకరు నింపు ప్రతి గొట్టము వద్దను, ఆ నీటిలోని ఫ్లోరైడు ఎంతయో, కఠినత్వ మెంతయో, పరీక్షించిన తేదీతో కూడ రంగుతో పెద్దక్షరములలో వ్రాయించుడనుచున్నాను. ఒక బుడ్డి రంగు, ఒక కుంచె, పంచాయతీకి పరీక్షాఫలిత మొకటి. ఇంతకు మించి వ్యయము లేదు. ఆ అంకె యున్నప్పుడు మచ్చ పడు నీరు కడుగుటకు పనికివచ్చునో, మచ్చ పడని నీరు త్రాగుటకు పనికిరాదో టీ అంగడివాడును, బిందె పట్టుకొని వచ్చిన ఇల్లాలును స్వయముగా నిర్ణయించుకొందురు. ఆ అంకె లేనంతవరకు మనము నీటి దోషమును గ్లాసునకు, గ్లాసు దోషమును కడిగిన చేతికి అంటగట్టుచునే యుందుము. ముందు అంకె వ్రాయించుడు; గ్లాసు శుభ్రముగా లేదను ముచ్చట పిమ్మట మాటాడుదము.