మూడూ ఎక్కితేనే బండి కదిలేది

గుడిమల్కాపూర్‌లో అడ్రసు అడిగితే ముందు పిల్లర్ నెంబరు చెబుతారు. పి.వి. ఎక్స్‌ప్రెస్‌వే పక్కన, పూలమార్కెట్‌కు దగ్గర్లో ఉన్న ఆ చిన్న క్లినిక్‌కూ అదే గుర్తు. చేవెళ్ల, మొయినాబాద్ వైపు నుంచి చామంతి, బంతి తెచ్చే రైతులు, మూటలు మోసే హమాలీలు, మూరలు కొలిచి దండలమ్మే ఆడవాళ్లు అక్కడి డాక్టరుగారి పేషెంట్లు. తొలకరి వానలు పడ్డాక ఆయన దగ్గరకు వచ్చేవాళ్లలో ఎక్కువమంది చెప్పే మాట ఒకటే: "లూజ్ మోషన్స్ సార్."

వాళ్లలో షుగర్ ఉన్నవాళ్లు ఓఆర్ఎస్ ప్యాకెట్ ఇస్తే వద్దంటారు. "ఇండ్ల చక్కెర ఉంటదంట గద సార్, ఉత్త ఉప్పునీళ్లు తాగితే సాలదా?" అని దండలమ్మే ఒకామె అడిగింది. చాలదు. ఎందుకు చాలదో తేలడానికి 1960 దాకా పట్టింది.

పేగు లోపలి ప్రతి కణం చుట్టూ రెండు వరసల కొవ్వు అణువుల పొర ఉంటుంది. నీళ్లలో కరిగే గ్లూకోజ్ గానీ, విద్యుదావేశం ఉన్న సోడియం గానీ దాన్ని తమంతట తాము దాటలేవు. పొరలో ఈ చివర నుంచి ఆ చివరకు చొచ్చుకుని ఉన్న ప్రొటీన్లే దాటించాలి. పేగులో ఆ పని ముఖ్యంగా ఎస్‌జీఎల్‌టీ1 అనే ప్రొటీన్‌ది. అది పేగు వైపు తెరుచుకుని రెండు సోడియం అయాన్లను, ఒక గ్లూకోజ్‌ను పట్టుకుంటుంది. ఆ వైపు మూసుకుని, కణం లోపలికి తెరుచుకుని వదిలేస్తుంది. వాటి వెనకే నీళ్లు వెళతాయి. మెహదీపట్నంలో షేర్ ఆటోవాడు ముగ్గురూ ఎక్కితే గానీ బండి తీయనట్టే. ఉత్త ఉప్పునీళ్లలో మూడో ప్రయాణికుడు లేడు. ఈ జోడు రవాణాను రాబర్ట్ క్రేన్ 1960లో ప్రాగ్‌లో జరిగిన ఒక సదస్సులో ప్రతిపాదించాడు.

కలరాలో కూడా ఈ ప్రొటీన్ దెబ్బతినదు. కలరా విషం వేరే ప్రొటీన్ ద్వారా క్లోరైడ్‌ను బయటికి కారేలా చేస్తుంది, దాని వెంట నీళ్లు పోతాయి. లోపలికి తెచ్చే దారి మాత్రం పనిచేస్తూనే ఉంటుంది. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల బన్‌గావ్ శిబిరంలో సెలైన్ సీసాలు అయిపోవస్తుంటే దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజ్ కలిపిన నీళ్లను డ్రమ్ముల్లో పెట్టి తాగించాడు. 30 శాతం దాకా ఉన్న మరణాలు ఆ నీళ్లు అందినచోట 3.6 శాతానికి దిగాయి.

లోపలికి చేరిన సోడియంను బయటికి తోయడానికి కణానికి రక్తం వైపు ఇంకో ప్రొటీన్ ఉంది. డెన్మార్క్ శాస్త్రవేత్త యెన్స్ స్కౌ 1957లో కనుగొన్న సోడియం-పొటాషియం పంపు అది. మూడు సోడియంలను బయటికి, రెండు పొటాషియంలను లోపలికి. ప్రతి విడతకూ శక్తినిచ్చే ఏటీపీ అణువు ఒకటి ఖర్చు. ఆ ఏటీపీని 1929లో జర్మనీలో లోమాన్, హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు విడివిడిగా గుర్తించారు. సుబ్బారావు ఇద్దరు సోదరులను బలిగొన్నది స్ప్రూ, అంటే తిన్నది ఒంటికి పట్టకుండా విరేచనాలుగా పోయే జబ్బు. ఏ క్లాసులోనూ ఈ రెండు విషయాలూ ఒకే గంటలో చెప్పకపోవడం డాక్టరుగారికి వింతగా తోస్తుంది.

దండలమ్మే ఆమెకు ఆయన ఇదంతా చెప్పలేదు. "ఇది తాగమ్మా, లీటరుకు పదమూడున్నర గ్రాముల గ్లూకోజే" అన్నారు. అట్టపెట్టెల్లో అమ్మిన తియ్యటి పానీయాల సంగతి వేరు. పేరులో ఓఆర్ఎస్ అని పెట్టుకుని, అంతకు ఎన్నో రెట్లు చక్కెర నింపుకున్నవి కొన్ని. ఎస్‌జీఎల్‌టీ1 మోయగలిగినదానికి మించిన చక్కెర పేగులోనే మిగిలి నీటిని తన వైపు లాగుతుంది, విరేచనాలు ఇంకా పెరుగుతాయి. వీటిపై హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడి, 2022లో తెలంగాణ హైకోర్టుకు వెళ్లారు. 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఆ పేరు వాడకానికి ఇచ్చిన అనుమతులను వెనక్కి తీసుకుంది.

ఈ ప్రొటీన్లు కూర్చున్న కొవ్వు పొర కూడా ఊరికే గోడలా నిలబడి ఉండదు. హబ్సిగూడలోని సీసీఎంబీలో అమితాభ ఛటోపాధ్యాయ బృందం సెరటోనిన్ 1ఏ గ్రాహకం మీద ఏళ్లపాటు పనిచేసి, పొరలోని కొలెస్ట్రాల్ తగ్గితే ఆ ప్రొటీన్ పని కుంటుపడుతుందని చూపింది. 2010లో కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్‌తో పెంచిన కణాల్లోనూ అదే కనిపించింది. "కొలెస్ట్రాల్ జీరో అయితే మంచిదే గద" అనే పేషెంట్లకు డాక్టరుగారు ఇది క్లుప్తంగా చెబుతారు, గోళీ మాత్రం ఆపొద్దంటారు. గాజుపాత్రలోని కణాల మీద చూసినదాన్ని బట్టి గుండెపోటు వచ్చినవాడి స్టాటిన్ ఆపించడం తెలివితక్కువతనమని ఆయన అభిప్రాయం.

ఎస్‌జీఎల్‌టీ1కి తోబుట్టువు మూత్రపిండంలో ఉంది, ఎస్‌జీఎల్‌టీ2. రోజుకు వడకట్టే సుమారు 180 గ్రాముల గ్లూకోజ్‌లో 90 శాతం దాకా తిరిగి రక్తంలోకి తెచ్చేది అదే. డాపాగ్లిఫ్లోజిన్ లాంటి మందులు దాన్ని మూసేస్తాయి, చక్కెర మూత్రంలో పోతుంది. 2020లో పేటెంట్ ముగిసి ధర పడిపోయాక ఆ గోళీ గుడిమల్కాపూర్ దాకా వచ్చింది. గుండెకూ, కిడ్నీకీ మేలు చేసే మందు. చిక్కల్లా విరేచనాలు పట్టుకున్న రోజునే.

ఒక హమాలీ రెండు రోజులుగా తిండి లేక, వాంతులవుతున్నా ఆ గోళీ వేసుకుంటూనే వచ్చాడు. మీటరులో షుగర్ 190. చూస్తే భయపడాల్సిన అంకె కాదు. కానీ ఊపిరి లోతుగా, వేగంగా ఆడుతోంది. మూత్రంలో కీటోన్లు నిండుగా ఉన్నాయి. చక్కెర మూత్రంలో పోతూ ఉండటంతో మీటరు నిమ్మళంగా ఉంది, రక్తం మాత్రం ఆమ్లంగా మారుతోంది. అంబులెన్సులో పెద్దాసుపత్రికి పంపితే సెలైన్, గ్లూకోజ్, ఇన్సులిన్ కలిపి ఎక్కించి నిలబెట్టారు.

ఇప్పుడు ఆ గోళీ రాసిన ప్రతి చీటీ మీదా ఆయన తెలుగులో, పెద్ద అక్షరాల్లో రాస్తారు: "వాంతులు, విరేచనాలు అయిన రోజు ఇది ఆపి, ఓఆర్ఎస్ తాగి, ఫోన్ చేయండి." ఒకరిద్దరు దాంతోపాటు ఇన్సులిన్ కూడా ఆపేశారు. అందుకే కింద ఇంకో వరస చేరింది: "ఇన్సులిన్ మాత్రం మీ అంతట మీరు ఆపొద్దు."