షిమ్ముల మేస్త్రి

తమిళనాడులోని కోవిల్‌పట్టి దగ్గరి పల్లెలో నల్లరేగడి సేద్యం చేసే మిత్రుడొకరు తన పాత మహీంద్రా జీపుకు ముందు యాక్సిల్ విరుదునగర్‌లో విప్పిస్తున్నానని, వచ్చి చూడమని కబురు పెట్టారు. ఆ సీమ తెలుగువాళ్ల మీద ఏదైనా రాయమని సంపాదకులు అప్పటికే అడిగి ఉన్నారు. రెండూ కలిసొస్తాయని బయల్దేరాను.

కోవిల్‌పట్టి నుంచి సాత్తూరు మీదుగా విరుదునగర్‌కు సుమారు 50 కిలోమీటర్లు. 44వ నంబరు జాతీయ రహదారి. అటూ ఇటూ పత్తి, జొన్న, మిరప పండే నల్లనేల. మధ్యమధ్య అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలు. తరాల కిందట ఆంధ్రదేశం వదిలి దక్షిణానికి నడిచి వచ్చిన కుటుంబాలు ఈ రేగడిని సాగులోకి తెచ్చిన కథే కి. రాజనారాయణన్ ‘గోపల్ల గ్రామం’. ఆయనది కోవిల్‌పట్టి పక్కనే ఉన్న ఇడైసేవల్. ఇంట్లో తెలుగు, రాతలో తమిళం. 1991లో ఆయనకు సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. 2021లో కన్నుమూశారు. ఆ నవల చదివిన నాకు ఆ నేల మీద ఎద్దులూ నాగళ్లే మనసులో ఉన్నాయి. విరుదునగర్ శివార్లలోని రేకుల షెడ్డులో అదే సీమ మనిషి అదే తెలుగు మాట్లాడుతూ ఇనుముతో పనిచేస్తుంటే చూశాను.

ఆ మేస్త్రి నన్ను షెడ్డంతా తిప్పి చూపించాలనుకున్నారు. వెల్డింగు మూల, విప్పిపెట్టిన గేర్‌బాక్సులు, కొండ ఎస్టేట్ల నుంచి మరమ్మతుకొచ్చిన జీపులు. నేను మాత్రం మిత్రుడి జీపు ముందు ఎడమ చక్రం దగ్గర కూర్చున్నవాణ్ణి అక్కణ్ణించి లేవలేదు.

ఆ బండికి రెండు జబ్బులు. గుంతలో పడగానే స్టీరింగు చేతుల్లోంచి ఊడిపోతుందా అన్నంతగా కొట్టుకుంటోంది. చక్రం వెనక నుంచి నల్లటి జిడ్డు కారి బ్రేకుల్లోకి పోతోంది. అంతకుముందు ఇంకెక్కడో చూపిస్తే టై రాడ్డు ఎండ్లు మార్చారట, బయటి సీలు మార్చారట. డబ్బు పోయింది, జబ్బు పోలేదు.

మేస్త్రి పానా పట్టుకోవడానికి ముందే ఆ జిడ్డును రెండు వేళ్లతో తీసి రుద్దారు. వాసన చూశారు. నా ముక్కు దగ్గర కూడా పెట్టారు. ఘాటైన గంధకం వాసన.

“ఇది గ్రీజు కాదు సార్, గేరాయిలు. లోపలి సీలు పోయినాది. డిఫ్రెన్షియల్లోని ఆయిలు గొట్టం వెంబడి వచ్చి నకిల్లో ఉండే గ్రీజును నీళ్లు చేసినాది. ఇంక బయటి సీలు ఎన్ని మార్చినా అంతే.”

ఆ నకిల్ కట్టడి తెలిస్తే ఆయన పని విలువ తెలుస్తుంది. ముందు చక్రాలకు కూడా ఇంజను బలం అందే బండి ఇది. అంటే చక్రం అటూఇటూ మళ్లుతూనే లోపలి నుంచి వచ్చే షాఫ్టుతో పాటు తిరగాలి. అందుకోసం యాక్సిల్ గొట్టం చివర బోలుగా ఉన్న ఉక్కు గోళం పెట్టారు. షాఫ్టు కీలు ఆ గోళం లోపల గ్రీజులో ఉంటుంది. గోళాన్ని బయటి నుంచి కప్పుతూ నకిల్ కూర్చుంటుంది. దాన్ని పైన ఒకటి, కింద ఒకటి రెండు కింగ్ పిన్నులు పట్టి ఉంచుతాయి. ఒక్కో పిన్నుకు ఒక టేపర్ రోలర్ బేరింగు. గోళానికీ నకిల్ అంచుకూ మధ్య దుమ్ము దూరకుండా ఫెల్టు, రబ్బరు సీళ్లు. 1941 నుంచి అమెరికా సైన్యానికి తయారైన విల్లీస్ జీపుది ఈ ఏర్పాటే. 1940ల చివర్లో బొంబాయిలో మహీంద్రా వాళ్లు విల్లీస్ జీపుల్ని బిగించడం మొదలుపెట్టినప్పుడు మన దేశానికీ అదే వచ్చింది. యుద్ధంలో చెట్టు కింద కూర్చుని బాగుచేసుకోవాల్సిన బండి కాబట్టి, అరిగిన చోట సర్దుకునే వీలు దాని పుట్టుకలోనే ఉంది.

హబ్బు, డ్రమ్ము, స్టబ్ యాక్సిల్ ఒక్కొక్కటే ఊడదీసి, షాఫ్టును కీలుతో సహా బయటికి లాగి, పైమూతా కిందిమూతా విప్పి నకిల్‌ను చేతుల్లోకి తీసుకున్నారు. డీజిల్‌తో కడిగారు. అసలు నేరస్థుడు అప్పుడు దొరికాడు. కింది బేరింగు కప్పును ఇత్తడి రాడ్డుతో తట్టి బయటికి తీసి, ఎండలో పట్టుకుని, లోపలి అంచు మీద గోరు నడిపించారు. గోరు ఆగి, ఆగి పోతోంది. నన్నూ చూడమన్నారు. నున్నగా ఉండాల్సిన ఉక్కు మీద వరసగా సన్నటి గాట్లు, ఒక్కో రోలరుకు ఒక్కోటి.

బండి ఎక్కువసేపు తిన్నగానే పోతుంది. కింగ్ పిన్ను బేరింగు గుండ్రంగా తిరిగేది కాదు, మలుపు వచ్చినప్పుడు మాత్రం కొంచెం కదిలేది. అందుకని రోలర్లు ఏళ్ల తరబడి ఒకేచోట నిలబడి, గుంతలో పడ్డ ప్రతి దెబ్బనూ అక్కడే దింపుతాయి. గాటు పడ్డాక బేరింగు వదులవుతుంది. ఆ వదులులో చక్రం అల్లాడుతుంది. దానికి రేగడి దుమ్ము తోడైంది. ఎండాకాలం పిండిలా లేచే ఆ దుమ్ము, అక్టోబరు వానలకు బంకగా మారి గోళానికి అంటుకుంటుంది. ఎండిపోయిన ఫెల్టు దాన్ని తుడవలేక లోపలికే లాగుతుంది. టై రాడ్డు ఎండ్లు మార్చిన ఆ మొదటి చోట ఎవరూ కప్పులో గోరు పెట్టి చూడలేదు. చూసి ఉంటే రైతు డబ్బు ఒక్కసారే ఖర్చయ్యేది.

కొత్త కప్పులు దించడం, లోపలి సీలు కొట్టడం, గోళం మీద తుప్పు చుక్కల్ని సన్న ఎమెరీ కాగితంతో నున్నగా చేయడం, ఇవన్నీ ఓపిక ఉన్న కుర్రవాడెవరైనా చేయగలడు. ఆ తర్వాత వచ్చేది షిమ్ముల పని. దానికోసమే నేను ఈ వ్యాసం రాస్తున్నాను.

మూతల కింద వేసే పల్చటి ఉక్కు రేకులే షిమ్ములు. మూడు థౌ, ఐదు థౌ, పది థౌ, ముప్పై థౌ. థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు. మూడు థౌ రేకు మందం మనిషి వెంట్రుకంత. ఒక రేకు తీస్తే బేరింగు మీద బిగువు పెరుగుతుంది, ఒకటి చేరిస్తే తగ్గుతుంది. వదులుంటే చక్రం కొట్టుకుంటుంది. మరీ బిగిస్తే స్టీరింగు మలుపు నుంచి తనంతట తాను వెనక్కి రాదు, బేరింగు కొన్నాళ్లకే కాలిపోతుంది. ఈ రెంటికీ మధ్య దారి చాలా సన్నం.

మేస్త్రి మైక్రోమీటరుతో రేకుల్ని కొలిచి వేసి, మూత బోల్టులు అడ్డదిడ్డంగా కాక ఎదురెదురుగా బిగించి, సీలు వేయకముందే ఖాళీ నకిల్‌ను రెండు చేతులతో పట్టుకుని తిప్పారు. కళ్లు మూసుకున్నారు. బోల్టులు విప్పి ఐదు థౌ రేకు తీశారు. మళ్లీ బిగించి తిప్పారు. తల అడ్డంగా ఊపి, విప్పి, మూడు థౌ రేకు చేర్చారు. ఈసారి నకిల్ ఎక్కడా పట్టేయకుండా, ఎక్కడా జారిపోకుండా, ఈ చివర నుంచి ఆ చివరకు ఒకే బరువుతో కదిలింది. అప్పుడు టై రాడ్డు రంధ్రానికి స్ప్రింగు కాటా తగిలించి లాగారు. ముల్లు ఆయన కోరుకున్న గీత దగ్గరే నిలిచింది.

చేతికి తెలిసిపోయాక కాటా ఎందుకని అడిగాను.

“చేతికి పొగరు వస్తాది సార్, కాటాకు రాదు,” అన్నారు.

పనివాళ్ల దగ్గర నేను విన్నవాటిలో ఇంత గొప్పమాట అరుదు. అనుభవం ఉన్నవాడు కొలతను తక్కువ చేసి మాట్లాడటం, కొలత తెలిసినవాడు అనుభవాన్ని తీసిపారేయడం మనం చూస్తూనే ఉంటాం. ఈయన రెండింటినీ పక్కపక్కన కూర్చోబెట్టుకున్నారు.

కూలి దగ్గర గొడవ మొదలైంది. మా మిత్రుడితో కాదు, పక్కన ఇంకో బండి కోసం వచ్చినాయనతో. బేరింగులు, సీళ్ల బిల్లు చూసి ఆయన మారుమాట లేకుండా తలూపాడు. మేస్త్రి కూలి చెప్పగానే, అంత ఎందుకు, రెండు రేకులు మార్చడమే కదా అన్నాడు. కాసేపు బేరం నడిచింది. మేస్త్రి కొంత తగ్గించారు. ఆయన వెళ్లాక చేతులు తుడుచుకుంటూ మా మిత్రుడితో అన్నారు: “చూసినావా మామా, సామాను మార్చేవాడికి బిల్లు, సరిచేసేవాడికి బేరం.”

ఆ మాట నన్ను వదల్లేదు. కోపమూ వచ్చింది, ఆ బేరమాడిన మనిషి మీద కాదు, అతనికి అలా ఆలోచించడం నేర్పిన మనందరి మీద. అట్టపెట్టెలో వచ్చిన వస్తువుకు ధర ఉంది. ఆ వస్తువు ఎంత బిగువులో కూర్చోవాలో తెలిసిన తెలివికి ధర లేదు. కొత్త బండ్లలో బాల్ జాయింటు అరిగితే సర్దేదేమీ ఉండదు, తీసి కొత్తది వేయాలి. దాన్ని తప్పుపట్టను. ఆ బండ్లు తిన్నగా పోతాయి, తేలిగ్గా మళ్లుతాయి. కానీ సర్దుకునే వీలున్న యంత్రాలు ఇంకా పొలాల్లో, ఎస్టేట్లలో పనిచేస్తూనే ఉన్నాయి. వాటిని సర్దగల చేతులు మాత్రం తరిగిపోతున్నాయి.

ఎందుకు తరిగిపోతున్నాయో మేస్త్రి సొంత కథలోనే ఉంది. ఆయన పదేళ్లు దాటీదాటగానే షెడ్డులో చేరారు. ముందు టీ తేవడం, తర్వాత డీజిల్‌తో సామాన్లు కడగడం, ఏళ్లు గడిచాక పానా. అగ్గిపెట్టెల ఫ్యాక్టరీల్లో పసిపిల్లల చేత పని చేయించినందుకు దేశమంతా తెలిసిన సీమ ఇది. 1986 నాటి బాలకార్మిక చట్టాన్ని 2016లో సవరించి పద్నాలుగేళ్ల లోపు పిల్లల్ని దాదాపు ఏ వృత్తిలోనూ పెట్టకూడదన్నారు. అది న్యాయం. మేస్త్రి కూడా తన మనవణ్ణి బడికే పంపుతున్నారు. పాత దారి మూసుకుపోవాల్సిందే. ఆ దారిలోనే పని కూడా ఒక తరం నుంచి ఇంకో తరానికి వెళ్లేది కదా, దానికి బదులు ఏ దారి వేశాం?

అప్రెంటిస్‌ల చట్టం 1961 నుంచీ ఉంది. నిబంధనల ప్రకారం 30 మంది, అంతకు మించి పనిచేసే సంస్థ అప్రెంటిస్‌లను తప్పనిసరిగా తీసుకోవాలి. నలుగురు, అంతకు మించి ఉన్నవాళ్లు ఇష్టమైతే తీసుకోవచ్చు. మేస్త్రి షెడ్డులో ఆయనతో కలిపి ముగ్గురు. అంటే ఆ సీమలో ఈ పని బాగా నేర్పగల మనిషి చట్టం లెక్కలోకే రాడు. ఐటీఐలో రెండేళ్ల మోటారు మెకానిక్ కోర్సు చదివిన కుర్రాళ్లు కంపెనీ సర్వీసు సెంటర్లకు పోతారు. పోవాలి కూడా, అక్కడ నెల జీతం ఉంటుంది. ఈ షెడ్డులో ఏడాది గడపడానికి ఎవరికైనా ఎవరైనా ఉపకారవేతనం ఇస్తున్నారా?

కోయంబత్తూరు దగ్గర తెలుగింట పుట్టిన జి.డి. నాయుడు పని ఎలా నేర్పాలన్న ప్రశ్న ముందే వేశారు. 1920లో పొల్లాచ్చి, పళని మధ్య ఒక్క బస్సుతో మొదలుపెట్టి, యంత్రాల్ని విప్పి బిగిస్తూ నేర్చుకున్న మనిషి. 1940లలో కోయంబత్తూరులో ఇంజనీరింగు కళాశాల నెలకొల్పడానికి తోడ్పడి, చదువు ఏళ్లకేళ్లు సాగడం వ్యర్థమని, కాలం తగ్గించాలని వాదించారు. సర్కారు ఒప్పుకోకపోతే ఆ కళాశాలలో తన పదవి వదులుకున్నారు. కాలం విషయంలో ఆయనతో అందరూ ఏకీభవించకపోవచ్చు. చేతికి పని తగలని చదువు చదువు కాదన్న ఆయన పట్టుదల మాత్రం ఈ షెడ్డులో నిలబడి చూస్తే నూటికి నూరుపాళ్లు నిజం.

ఇంకొక దెబ్బ ఈమధ్యే తగిలింది. అటవీశాఖ, వ్యవసాయశాఖ, ప్రజాపనుల శాఖ వాడి వదిలేసిన జీపులు వేలంలో రైతుల చేతికొచ్చేవి. ఇలాంటి షెడ్లలో మళ్లీ ప్రాణం పోసుకునేవి. 2023 ఏప్రిల్ 1 నుంచి పదిహేనేళ్లు దాటిన ప్రభుత్వ వాహనాల రిజిస్ట్రేషన్ రద్దు చేసి తుక్కుకు పంపాలని కేంద్రం నిబంధన తెచ్చింది. పొగ తగ్గాలి, నిజమే. కానీ పొగ వదిలేది ఇంజను. ఏ దోషమూ లేని యాక్సిల్ కూడా దాంతో పాటు గ్యాసు కట్టరు కిందికి పోతోంది.

అందుకని అడుగుతున్నాను. ప్రతి జిల్లాలో తుక్కుకు పోయే జీపుల్లోంచి ఒక ముందు యాక్సిల్‌ను కోయకుండా దగ్గరి ఐటీఐకి ఇవ్వండి. దాన్ని బల్ల మీద పెట్టి విప్పి బిగించడం నేర్పడానికి ఇలాంటి మేస్త్రిని రోజుకింత గౌరవ వేతనంతో పిలవండి. సర్టిఫికెట్ ఉందా అని ఆయన్ని అడక్కండి. షిమ్ములు వేసిన నకిల్‌ను కాటాతో లాగి చూడండి చాలు. ముగ్గురు పనిచేసే షెడ్డుకు కూడా ఒక అప్రెంటిస్‌ను, అతనికి ప్రభుత్వ భత్యాన్ని ఇచ్చేలా నిబంధన మార్చండి. విరుదునగర్‌కే కాదు, మన అనంతపురానికీ పాడేరుకూ ఇదే కావాలి. కొత్తగా భవనాలు కట్టక్కర్లేదు, పరికరాలు కొనక్కర్లేదు. నేర్పేవాళ్లు ఇంకా పని చేస్తూనే ఉన్నారు, అడిగితే నేర్పుతారు. నేనడిగితే మేస్త్రి చెప్పిన జవాబు ఇది: “పిల్లోణ్ణి పంపండి సార్, ఆర్నెల్లు చాలు.”